పాత కారు – ఇంటి వైద్యము

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మా తరగతి విద్యార్థి యొకడు మధ్యాహ్నపు విరామ సమయమున మా యొద్దకు వచ్చి, "సార్, మా ఇంట్లో ఫియట్ ఉంది. దానికి పికప్ పెంచాలి. మీకు అంబాసిడర్ ఉందంట కదా, ఏం చేయాలో చెప్తారా?" అని అడిగినాడు. తెలుగు పాఠము చెప్పువానిని ఛందస్సు గూర్చి అడుగు విద్యార్థులే అరుదైన ఈ దినములలో, కార్బ్యురేటర్ గూర్చియైనను అడుగువాడు దొరికినాడు గదా యని సంతోషించి, సాయంకాలము బండిని తీసికొని రమ్మంటిమి. బండి వీధి మలుపు తిరుగక మునుపే దాని శబ్దము మా గుమ్మములోనికి వచ్చినది.

బోనెట్ ఎత్తి చూచితిమి. సైలెన్సర్ లోపలి గొట్టములన్నియు తీసివేయగా అది డొల్లయై యున్నది. ఎయిర్ క్లీనర్‌ను విప్పి ఇంట అటక మీద పెట్టినారట. కార్బ్యురేటర్ మెయిన్ జెట్‌ను ఎవరో మిత్రుడు సన్నని డ్రిల్లుతో వెడల్పు చేసి యిచ్చినాడట. "ఇప్పుడు బాగానే గుంజుతుంది సార్, కానీ ఇంకా కావాలి" అన్నాడు. ఆ బండి వారి ఇంటికి విలాసవస్తువు కాదు. ఆతని తండ్రి దానిని బరాత్‌లకును, ఈ మధ్య బయలుదేరిన పెండ్లి ఫోటోల వేడుకకును అద్దెకిచ్చి సంసారము నడుపుచున్నాడు. మేము చెప్పవలసినది చెప్పితిమి. కాని ఇరువది యేండ్ల యువకుని చెవికి ఇంజను మ్రోత ఎక్కినంతగా ఉపన్యాసకుని మాట ఎక్కదు. నాలుగు మాసములు తిరుగునప్పటికి ఆ ఫియట్ వెనుక నీలిపొగ కనబడినది. సిలిండర్లు రీబోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించవలసి వచ్చినది. ఆ ఖర్చులో ఆతని రెండవ విడత ఫీజు కూడ కలిసిపోయినది. గడువునకు ముందు రోజున ఆఫీసు కిటికీ దగ్గర తలవంచి నిలిచియున్న ఆ విద్యార్థిని చూచినందుననే ఈ వ్యాసము వ్రాయ బూనితిమి.

మా అభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. పాత ఇంజనుకు కొత్త బలము తెచ్చిపెట్టవలెనని పోవువారిలో అనేకులు, ఉన్న బలము ఎక్కడ పోయినదో వెదకరు. ముప్పది, నలువది యేండ్లు నడచిన బండి తన పుట్టుకనాటి శక్తిలో ఎంతో భాగమును పోగొట్టుకొని యుండును. ఆ పోయినదానిని తిరిగి తెచ్చుటకు ఇంటి ముంగిట, నాలుగు పానాలతో, ఒక ఫిల్లర్ గేజితో వీలున్నది. కొత్తదానిని తెచ్చుటకు వీలు బహు తక్కువ. పేరునకు మార్పులని చెప్పబడు వానిలో పెక్కు ఇంజనుకు ఇచ్చునవి కావు, దాని నుండి తీసికొనునవి.

అంబాసిడర్ చరిత్ర మన పెద్దలు ఎరిగినదే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారము చేసికొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో దానిని తయారు చేసినారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో నిలిచిపోయినది. దాని పెట్రోలు ఇంజను చాలకాలము 1489 ఘనపు సెంటీమీటర్లది, శక్తి ఏబది అశ్వశక్తుల ప్రాంతము. ఫియట్ 1100 నుండి వచ్చి, 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొన్న బొంబాయి బండి ఇంజను 1089 ఘనపు సెంటీమీటర్లది. ఈ రెండింటిని పందెపు గుఱ్ఱములను చేయవలెననుకొనుట ఎడ్లబండికి రెక్కలు కట్టుటయే. కాని ఈ రెండును గొప్ప ఉపాధ్యాయులు. ఇంజనులోని ప్రతి అంగము కంటికి కనబడును, చేతికి అందును. నేటి కార్లలో బోనెట్ ఎత్తినచో నల్లని ప్లాస్టిక్ మూత తప్ప మరియేమియు కానరాదు.

ఇంజను ఊపిరి పీల్చు ప్రాణి వంటిది. నాలుగు సిలిండర్లును కలిసి, ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి, అంబాసిడర్ ఇంజను ఎంత నిండుగ పీల్చినను 1489 ఘనపు సెంటీమీటర్ల గాలిని మాత్రమే పీల్చగలదు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు అది సుమారు 2,200 లీటర్ల గాలి. ఈ గాలి ఎంతయో శక్తి యంతయే. ఒక కిలో పెట్రోలు పూర్తిగ కాలుటకు 14.7 కిలోల గాలి కావలెను. గాలి పెరుగకుండ పెట్రోలు మాత్రము పెంచినచో, ఎక్కువైనది కాలక నల్లని పొగయై పోవును. అంతటితో ఊరకుండునా? సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేసి, ఇనుము మీద ఇనుము రాచుకొనునట్లు చేయును. మా విద్యార్థి ఫియట్‌లో జరిగినది ఇదియే. ఉదాహరణకు 1.2 మిల్లీమీటర్ల జెట్ రంధ్రమును డ్రిల్లుతో 1.4 చేసినామనుకొందము. చూపునకు అది వెండ్రుక వాసి తేడా. కాని వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, రంధ్రము 36 శాతము పెద్దదైనది. ఈ లెక్క పదవ తరగతి పిల్లవానికి తెలియును. డ్రిల్లు పట్టిన చేయి దానిని మరచినది.

ఇక ఎయిర్ క్లీనర్ తీసివేయుట. అది తీసినంతనే కార్బ్యురేటర్ గాలిని పీల్చు బుసబుస చప్పుడు బయటికి వచ్చును. ఆ చప్పుడునే బలమని భ్రమపడుదురు. మా వీధి చివరి షెడ్డు ఉస్తాదుకు అరువది దాటినవి. ఆయన ఈ మాట వినగానే నవ్వి, "సాబ్, నోటికి గుడ్డ తీసేసి పిండిమర కాడ నిలబడితే ఊపిరి బాగా ఆడతదా?" అన్నాడు. మన దారుల దుమ్ములో ఇసుక రేణువులున్నవి. అవి పిస్టనుకును సిలిండరునకును నడుమ చేరి ఆకురాయి వలె అరగదీయును. పైగా కార్బ్యురేటర్ కొలతలు క్లీనర్ ఉన్నదన్న లెక్క మీదనే అమర్చబడినవి. దానిని తీసినచో మిశ్రమము కూడ చెడును. మూసుకుపోయిన క్లీనర్‌ను శుభ్రపరచుట, కాగితపుదైనచో మార్చుట వైద్యము. తీసి అటక మీద పెట్టుట వైద్యము కాదు.

అయితే గాలి విషయమున ఇంట చేయదగిన మంచి మార్పు ఒకటి కలదు. అంబాసిడర్ ఇంజనులో గాలి లోనికి పోవు గొట్టమును, పొగ వెలుపలికి వచ్చు గొట్టమును ఒకే ప్రక్కన, ఒకదాని నానుకొని ఒకటి యున్నవి. అందుచేత బోనెట్ క్రింద కాగిన గాలినే ఇంజను పీల్చును. వేడిగాలి పలుచనిది. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీల్చినచో ప్రతి గ్రుక్కలో సుమారు 9 శాతము గాలి తగ్గును. రెండున్నర అంగుళముల మడత గొట్టము నొకదానిని ఎయిర్ క్లీనర్ ముక్కునకు తగిలించి, రెండవ కొనను ముందరి జాలీ ప్రక్కకు, వాననీరు దూరని ఎత్తులో కట్టినచో బయటి గాలి అందును. కార్బ్యురేటర్‌కును పొగగొట్టమునకును మధ్య ఒక అల్యూమినియం రేకును అడ్డముగా బిగించుట దీనికి తోడు. ఆ వేడికే కదా మే మాసపు మధ్యాహ్నమున పెట్రోలు గొట్టములోనే ఆవిరియై బండి నడివీధిన నిలిచిపోవుట! డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టుట మన పెద్దలందరు చూచిన దృశ్యము. రేకు అడ్డు పెట్టిన తరువాత మా బండిలోని తడిగుడ్డకు పని లేకపోయినది.

నిప్పురవ్వ సంగతికి వత్తము. మా ప్రాంతపు షెడ్డులలో డిస్ట్రిబ్యూటర్‌ను 'డెల్కో' అందురు. అది ఒక అమెరికా కంపెనీ పేరు. డాల్డా, జిరాక్స్ వంటి మాటల వలె అదియు మన భాషలో కలిసిపోయి, పానా, పేచ్‌కస్ ల సరసన కూర్చున్నది. భాషాశాస్త్ర విద్యార్థులకు మోటారు షెడ్డు ఒక గ్రంథాలయము. అది యటుండనిండు. ఈ డెల్కోలో రెండు పాయింట్లు ఒకదానినొకటి తాకుచు విడిపోవుచు నిప్పురవ్వను పుట్టించును. విడిపోయినప్పటి ఎడము 0.4 మిల్లీమీటర్ల ప్రాంతము ఉండవలెను. అవి కాలి గుంటలు పడినచో, ఎడము మారినచో, నిప్పు మొద్దుబారును, దాని వేళయు తప్పును. ప్లగ్గు కొనల ఎడము 0.6 మిల్లీమీటర్లకు కొంచెము పైన. ఇనుము కోయు రంపపు బ్లేడు మందము ఇంచుమించు అంతయే గనుక గేజి లేని ఉస్తాదులు దానినే కొలబద్దగా వాడుదురు. గేజి కొనుటకు శక్తిగల మనము గేజియే కొనుట మేలు.

పిస్టను పైకి చేరుటకు కొంచెము ముందుగనే రవ్వ పుట్టవలెను. ఏలన, మంట వ్యాపించుటకు కొంత వ్యవధి పట్టును. వేగము పెరిగిన కొలది మరింత ముందు పుట్టవలెను. ఇందుకై డెల్కో లోపల రెండు చిన్న బరువులు, స్ప్రింగులు ఉన్నవి. ప్రక్కన ఇంజను పీల్పుతో కదలు పలుచని పొర గల డబ్బీ యున్నది. పాత బండ్లలో బరువులు తుప్పు పట్టి కదలవు, పొర చిరిగి గొట్టము గాలి కారును. యజమాని మాత్రము కార్బ్యురేటర్‌ను తిట్టుచుండును. ఆ సన్నని గొట్టమును విప్పి నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టినచో పీల్పు నిలిచినదా లేదా తెలియును. ఇంతకంటె చౌక పరీక్ష లేదు. రవ్వ వేళను సరిచూచుటకు 12 వోల్టుల చిన్న బల్బు చాలును. దాని ఒక తీగను డెల్కో ప్రక్క టెర్మినల్‌కు, రెండవ దానిని ఇంజను ఇనుమునకు తగిలించి, తాళపుచెవి త్రిప్పి, ఇంజనును చేతితో మెల్లగ తిప్పవలెను. పాయింట్లు విడిపోయిన క్షణముననే బల్బు వెలుగును. ఆ క్షణమున పుల్లీ మీది గుర్తు ఎక్కడ ఉన్నదో చూచి, మాన్యువల్‌లో చెప్పిన చోటికి డెల్కోను త్రిప్పి బిగించుటయే.

ఈ పాయింట్లను తీసివేసి, డెల్కో లోపలనే ఇమిడిపోవు ఎలక్ట్రానిక్ పరికరము నమర్చుటను మేము మనసార మెచ్చుకొందుము. అందులో రాచుకొని అరుగునది లేదు గనుక ఒకసారి కుదిర్చిన వేళ మారదు. అవసరమైనచో పాత పాయింట్లను మరల బిగించుకొనవచ్చును. మంచి మార్పునకు మేము పెట్టుకొన్న గుర్తు ఇదియే. నచ్చనిచో సాయంకాలమునకు వెనుకకు తీసికొనగలిగి యుండవలెను. డ్రిల్లు చేసిన జెట్‌ను ఎవరు పూడ్చగలరు?

మా బండికి ఉన్నది ఎస్.యు. కార్బ్యురేటర్. దానియంత నిజాయితీగల యంత్రమును మేము చూడలేదు. ఇంజను వేడెక్కి నెమ్మదిగా నడచుచుండగా, లోపలి పిస్టనును ప్రక్కనున్న పుల్లతో ఒక మిల్లీమీటరు కంటె తక్కువగ, మెల్లగా ఎత్తవలెను. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువైనదని యర్థము. తడబడి ఆగబోయినచో తక్కువైనదని యర్థము. లేశమాత్రము పెరిగి వెంటనే మొదటి వేగమునకు వచ్చినచో మిశ్రమము సరిగా ఉన్నది. అడుగుననున్న నట్టును క్రిందికి త్రిప్పిన పెట్రోలు పెరుగును, పైకి త్రిప్పిన తగ్గును. ఒకసారికి నట్టు యొక్క ఒక పలక మాత్రమే త్రిప్పి మరల పరీక్షించవలెను. పై మూత లోపల కొలది నూనె ఉండవలెను. అది ఎండిపోయినచో యాక్సిలరేటర్ త్రొక్కగానే బండి దగ్గి వెనుకాడును. పికప్ లేదని వాపోవువారిలో కొందరికి కావలసినది ఆ నాలుగు చుక్కల నూనె మాత్రమే.

తప్పులన్నియు విద్యార్థులవే అన్నట్లు వ్రాయుట న్యాయము కాదు. బండి మా చేతికి వచ్చిన మొదటి సంవత్సరము మేము చేసిన ఘనకార్యము చెప్పుకొనవలసియున్నది. టాపెట్లు టకటకమని మ్రోగుచున్నవని, ఫిల్లర్ గేజి తెచ్చి, మాన్యువల్ చెప్పిన దానికంటె ఎడము తగ్గించి బిగించితిమి. ఇంజను పట్టు చీర రెపరెప వలె మెత్తగ నడచినది. ఇంటిల్లిపాదిని పిలిచి వినిపించితిమి. వేడెక్కినప్పుడు లోహము సాగి వాల్వు పూర్తిగ మూతపడదనియు, మూతపడని వాల్వు తన వేడిని సీటునకు అప్పగించలేక కాలిపోవుననియు మాకు అప్పటికి తెలియదు. ఆరు వారములకు ఒక సిలిండరు పని మానినది. ఉస్తాదు హెడ్ విప్పి, కొన కరగిన వాల్వును మా అరచేతిలో పెట్టి, ఒక్క మాట అనకుండ చాయ్ తెప్పించినాడు. ఆయన తిట్టియున్నచో బాగుండెడిది.

ఆ వాల్వు సందర్భముననే మరియొక సంగతి నేర్చితిమి. పాతకాలపు పెట్రోలులో సీసము కలిపెడివారు. ఆ సీసము వాల్వు సీట్ల మీద పలుచని పొరగా ఏర్పడి వానిని కాపాడెడిది. సీసము మన పిల్లల మెదడులకు విషము గనుక దానిని మానిపించినారు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. అది మంచి పని. కాని పోత ఇనుప హెడ్‌లోనే సీటు చెక్కియున్న పాత ఇంజనులలో, బండిని దూరము, వేగముగ నడిపినచో, సీటు క్రమముగ లోనికి అరిగిపోవును. అప్పుడు టాపెట్ ఎడము దానంతటదే తగ్గి, మ్రోత మాయమగును. బండి దానంతట నెమ్మదించినదని యజమాని మురిసిపోవును. మురియుటకు బదులు గేజి పట్టి చూడవలెను. హెడ్ ఎటులైనను విప్పవలసి వచ్చిన దినమున, గట్టి ఉక్కు సీట్లు వేయించుట దీనికి శాశ్వత చికిత్స. అది ఇంటి పని కాదు, లేత్ షాపు పని.

నేటి పెట్రోలు సమస్య వేరు. 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన దేశమున బంకులకు వచ్చినది. 2025 నాటికి దాదాపు అంతటను అదియే. చెరకు, ధాన్యము పండించు రైతునకు, విదేశీ చమురు దిగుమతికి దీనివలన కలుగు మేలును మేము కాదనము. కాని 1980 నాటి బండికి ఇది తెలియని ఆహారము. ఇథనాల్‌లో లీటరునకు శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులు మాత్రమే. అనగా ఈ మిశ్రమములో లీటరునకు ఆరేడు శాతము శక్తి తక్కువ. మైలేజి తగ్గినదని మెకానిక్‌ను నిందించుటకు ముందు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. ఇథనాల్ కాలుటకు కావలసిన గాలి కూడ తక్కువ, కిలోకు 9 కిలోలే. అందుచేత శుద్ధమైన పెట్రోలు కొరకు అమర్చిన కార్బ్యురేటర్‌లో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును, తడబడును. ఇక్కడ మాత్రము పెట్రోలును స్వల్పముగ పెంచుట న్యాయమైన మార్పు. ఎస్.యు. అయినచో ఆ నట్టును ఒకటి రెండు పలకలు త్రిప్పి పుల్లతో పరీక్షించవలెను. స్థిరమైన జెట్ గలదైనచో, అంకె చెక్కియున్న తరువాతి పరిమాణపు జెట్ కొని వేయవలెను. పాత జెట్‌ను డబ్బాలో దాచవలెను.

దీనికంటె ముఖ్యము గొట్టముల సంగతి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరచి పగులగొట్టును. గాలిలోని తేమను పీల్చును. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగున చేరి తుప్పు పుట్టించును. ట్యాంకు నుండి కార్బ్యురేటర్ వరకు ఉన్న ప్రతి రబ్బరు గొట్టమును, పంపులోని పొరను ఇథనాల్‌కు ఓర్చు రకముతో మార్చుట ఈనాడు పాత కారుకు చేయవలసిన మొదటి మార్పు అని మా దృఢాభిప్రాయము. శక్తి పెరుగుటకు కాదు. ఎఱ్ఱగ కాలిన పొగగొట్టము మీద పెట్రోలు బొట్టు పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు గదా. అద్దె బండిలో కూర్చుండునది పెండ్లికూతురు.

వేడి విషయమున మన దేశమున ఒక దురాచారము పాతుకొనిపోయినది. బండి కాగుచున్నదన్న వెంటనే థెర్మోస్టాట్ తీసి పారవేయుదురు. అది నీరు 80 డిగ్రీల ప్రాంతమునకు వేడెక్కువరకు రేడియేటర్‌కు దారి మూసి, తరువాత తెరచు ద్వారపాలకుడు. దానిని తీసినచో ఇంజను చాలసేపు చల్లగ నడచి, పెట్రోలు ఎక్కువ త్రాగి, త్వరగ అరిగిపోవును. అసలు దొంగ రేడియేటర్‌లో ఉన్నాడు. మన బోరునీటిలోని సున్నము గొట్టముల లోపల పెచ్చు కట్టి వేడిని బయటికి పోనీయదు. ఇంజను పూర్తిగ చల్లారిన తరువాత రెండు హోస్ పైపులు విప్పి, తోటకు నీరు పెట్టు గొట్టముతో క్రింది నుండి పైకి, అనగా రోజు నడచు దారికి ఎదురుగ, నీటిని పంపి చూడుడు. కాఫీ రంగు నీరు వచ్చును. తరువాత బ్యాటరీకి వాడు శుద్ధజలములో కూలెంట్ కలిపి నింపుట అలవరచుకొన్నచో ఆ పని మరల మరల చేయనక్కరలేదు.

ప్లగ్గు దగ్గర అయస్కాంతము కట్టుట, ట్యాంకులో మాత్ర వేయుట, నీటి నుండి వాయువు తీసి ఇంజనులోనికి పంపుట మొదలైన వింతల గూర్చి విద్యార్థులు మాకు ఫోనులో వీడియోలు చూపింతురు. నీటిని విడగొట్టు విద్యుత్తును ఇచ్చునది ఆ ఇంజనుతో తిరుగు డైనమోయే. తన భుజము మీద తానే ఎక్కి గోడ దాటగలవాడు ఎవడైన ఉన్నచో అతడు ఆ పరికరము కొనవచ్చును.

చట్టమును కూడ స్మరింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు, తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును దృఢపరచినది. పదునైదేండ్లు దాటిన సొంత కారును తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. డొల్ల సైలెన్సర్‌తో ఆ తనిఖీకి పోవు ధైర్యము మా విద్యార్థికి లేకపోయినది. సైలెన్సర్ కొరకు మరల ఖర్చు. ఆ మ్రోత వలన ఏబది అశ్వశక్తుల బండికి కలిసివచ్చునది లెక్కకు కూడ రాదు. వీధిలోని పసిపిల్లల నిద్ర మాత్రము చెడినది.

ఇన్ని మాటలు చెప్పుచున్నాము గాని వీనిలో సగమునకు పైగా మాకు పుస్తకములు నేర్పినవి కావు. ఉర్దూలో ఉస్తాద్ అను మాట ఒక్కటే. ఖురాన్ చదువు చెప్పు ఆయనయు ఉస్తాదే, సంగీతము చెప్పు ఆయనయు ఉస్తాదే, పానా పట్టిన ఆయనయు ఉస్తాదే. ఉర్దూ విభాగపు విద్యార్థులు కొందరు మమ్ములను కూడ ఆ మాటతోనే పిలుతురు. కాని కళాశాల ప్రహరీ దాటగానే ఆ పదమునకు రెండు ధరలు ఏర్పడుచున్నవి. మా తరగతులలో మెకానిక్‌ల పిల్లలు ఎందరో ఉన్నారు. తండ్రి వృత్తి వ్రాయవలసిన గడిలో 'వ్యాపారము' అని వ్రాయుదురు. ఇంజను చప్పుడు విని మూడవ సిలిండరు పని చేయుటలేదని చెప్పగల తండ్రిని ఆ గడిలో దాచిపెట్టుచున్నారు. ఆ తండ్రికి రవ్వ వేళ తెలియును, అది ఏల ముందు పుట్టవలెనో మాటలలో చెప్పలేడు. భౌతికశాస్త్రము చదువు కొడుకునకు ఏలనో తెలియును, బోనెట్ తెరచుట తెలియదు. ఒకే ఇంటిలో ఒకే భోజనపు దస్తర్‌ఖాన్ దగ్గర ఈ ఇద్దరును కూర్చుండి, ఈ సంగతి ఎన్నడును మాటలాడుకొనరు. డ్రిల్లు పట్టుకొన్న మిత్రుని యొద్దకు మా విద్యార్థి పోవుటకు కారణము, ప్రక్క వీధిలోని ఉస్తాదును అడుగుటకు నామోషీ పడుటయే అని ఆతడే తరువాత ఒప్పుకొన్నాడు.

మన కళాశాల వెనుక, సైకిళ్ల షెడ్డు ప్రక్కన, టార్పాలిన్ క్రింద ఒక అంబాసిడర్ ఉన్నది. ఒకప్పుడు ముఖ్య అతిథులను స్టేషను నుండి తెచ్చిన బండియే. దానిని తుక్కు క్రింద తూకమునకు అమ్మివేయవలెనని కమిటీ ఆలోచించుచున్నట్లు వింటిమి. రోడ్డు మీదికి అది రానక్కరలేదు. దానిని అమ్మక, షెడ్డులోనే నిలిపి, శనివారపు మధ్యాహ్నములు విద్యార్థులకు అప్పగించవలెనని కమిటీ పెద్దలకు మా మనవి. కావలసినవి ఒక ఫిల్లర్ గేజి, ఒక కంప్రెషన్ గేజి, ఒక వరుస పానాలు, 12 వోల్టుల బల్బు, మంటలార్పు సిలిండరు ఒకటి, రెండు నోటుపుస్తకములు. మొదటి పుస్తకములో బండి ఇప్పుడున్న స్థితి వ్రాయవలెను. ప్రతి సిలిండరు ఒత్తిడి ఎంత, ఒక చెంచా నూనె పోసిన తరువాత ఎంత. నూనెతో ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవని, పెరుగనిచో వాల్వులు కారుచున్నవని యర్థము. రెండవ పుస్తకములో చేసిన ప్రతి మార్పును, దాని తరువాతి కొలతను వ్రాయవలెను. ఒక దినమున ఒకే మార్పు. రెండు కలిపి చేసినచో ఏది మేలు చేసినదో తెలియదు. షెడ్డు తలుపులు తెరచియే ఇంజను నడుపవలెను. మూసిన గదిలో దాని పొగ ప్రాణము తీయును.

ఈ విషయము ఉస్తాదుతో ప్రస్తావించితిమి. ఆయన చాలసేపు ఆలోచించి, జుమ్మా తప్ప ఏ రోజు పిలిచినను వత్తుననియు, డబ్బు అక్కరలేదనియు అన్నాడు. ఒక షరతు మాత్రము పెట్టినాడు. "పిల్లలు చేతులకు గ్రీసుతో ఇంటికి పోతే అమ్మలు నన్ను తిడతారు సాబ్. కాలేజీ వాళ్ళని నల్లా కాడ సబ్బు పెట్టమనండి." తాళపుచెవి ఆఫీసు గోడకు, గడియారము క్రింది మేకునకు తగిలించియే ఉన్నది. సబ్బు మేము తెత్తుము.